వినికిడి చదువు

మా దీవిలోని తెలుగు సంఘంలో ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి వెనక గదిలో తెలుగు తరగతి జరిగేది. అక్షరాలు, గుణింతాలు, వత్తులు, తరువాత పాటల పుస్తకం, చివరికి పీఠం మీది పెద్ద గ్రంథం. పాఠ్యక్రమం అంతే. మా తాతగారు మొదలుపెట్టారు, మా నాన్నగారు నడిపారు, వారి తరువాత నేను. జీతం లేదు. సంఘం వాళ్లు ఇస్తామనలేదు, నేను అడగలేదు.

నిరుడు వానలకు ముందు సంఘ కమిటీ నన్ను పిలిచింది. కార్యదర్శి హార్బరులో ఉద్యోగి, వయసులో నాకంటే బాగా చిన్నవాడు. అతని తండ్రి మా కలప డిపోలో దుంగల కొలతలు చూసేవాడు. ఆ సంగతి అతనూ ఎత్తడు, నేనూ ఎత్తను. నాకు కుర్చీ వేశారు, కూర్చున్నాను.

"మాస్టారూ, మీరు బురా అనుకోకండి," అన్నాడు. "పెద్ద తెర వస్తోంది కదా. దాని కంప్యూటరు, మిక్సరు, స్పీకర్లు పెట్టడానికి తాళం ఉన్న గది కావాలి. మనకున్నది ఒక్కటే గది."

"తెర దేనికి?" అన్నాను.

"పాటలకండి. పిల్లలు పుస్తకం పట్టుకుని నోరు ఆడించడమే గానీ ఒక్కడికీ చదవడం రాదు. తెర మీద వేస్తే చక్కగా చదువుకుంటారు. పాట తెలుగుదే. అక్షరాలు హిందీవి. బస్, ప్రాబ్లం ఖతమ్."

కమిటీలో ఒక పెద్దావిడ ఉంది. మా పేట బతు బస్తీలో కిరాణా కొట్టు వాళ్లది. ఆవిడ నిట్టూర్చి, "మా మనవలు ఆ పుస్తకం తలకిందులుగా పట్టుకున్నా ఆళ్లకి తెల్దు బాబూ. మొన్నొకడు అలాగే పట్టుకుని ఆమెన్ దాకా లాగించేసినాడు," అంది. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు గానీ అది నిజమే. ఆ కుర్రవాణ్ణి నేను కూడా చూశాను.

పాస్టరు అయ్యగారు సముద్రం అవతల మెయిన్‌లాండ్ నుంచి వచ్చిన మనిషి, కాకినాడ వైపు. ఎవరినీ నొప్పించడం ఇష్టం లేని స్వభావం. "ఇప్పుడే తేల్చవద్దు," అన్నారు. "కన్ఫర్మేషన్ దాకా ఆగుదాం. ఆ రోజు పీఠం దగ్గర వాక్యభాగం తెలుగులో చదివితే తరగతి ఉంటుంది, తెర సామాను నా ఇంట్లో పెట్టుకుంటాను. చదవలేకపోతే మాస్టారే తాళం చెవి ఇచ్చేస్తారు. ఏమంటారు మాస్టారూ?"

"సరే," అన్నాను.

చిన్నప్పుడు బాప్తిస్మం పొందిన పిల్లలు ఎదిగాక సంఘం ముందు నిలబడి తమ విశ్వాసం తామే ఒప్పుకోవడాన్ని కన్ఫర్మేషన్ అంటాం. మా సంఘంలో దానికి ఒక ఆచారం ఉంది. ఆ ఉదయం ప్రతి ఒక్కరూ పీఠం ఎక్కి, అయ్యగారు ముందు ఆదివారం చెప్పిన భాగాన్ని పెద్ద గ్రంథంలో చూసి బిగ్గరగా చదవాలి. తెలుగు చెప్పిన మాస్టారు గ్రంథం తెరిచి, చోటు చూపించి, ఒక అడుగు వెనక్కి నిలబడాలి. దీవుల్లో పుట్టిన మా పిల్లలు తెలుగు మాట్లాడతారు. బడిలో నేర్చేవి హిందీ, ఇంగ్లీషు అక్షరాలు. అందుకని కొన్నేళ్లుగా కొందరు తమ భాగాన్ని హిందీ అక్షరాల్లో చీటీ మీద రాసుకుని గ్రంథంలో పెట్టి చదివేస్తూ వచ్చారు. తెలుగువాళ్లు తప్ప ఇంకెవరూ చెయ్యరేమో ఇటువంటి పని. నేను తరగతి తీసుకున్నాక చీటీలు మాన్పించాను. దాంతో పిల్లలు కూడా మానడం మొదలైంది.

ఆ ఏడు కన్ఫర్మేషన్‌కు మిగిలింది ఒక్క పిల్ల. తుష్నాబాద్ పల్లె నుంచి తల్లితో బస్సులో వచ్చేది. తల్లి పెరట్లో ఆకుకూరలు పండించి అబర్డీన్ బజార్లో అమ్ముతుంది. తండ్రి దీవుల మధ్య తిరిగే ఓడలో పని చేస్తాడు. ఇంట్లో ఉన్న రోజులు తక్కువ. పిల్ల ప్లస్ టూ సైన్సు చదువుతోంది. నర్సింగు చదవాలని కోరిక. తరగతి నిలుస్తుందా పోతుందా అన్నది ఆ పిల్ల మీద పడింది. ఆ సంగతి నేను ఆమెకు చెప్పలేదు. చెప్పడం నా పద్ధతి కాదు. బతు బస్తీలో ఇలాంటివి ఎవరూ చెప్పనక్కరలేదు కూడా.

మా తాతగారి కాలంలో అబర్డీన్ బజార్లో మాకు మేడ ఉండేది. కింద కలప కాంట్రాక్టు ఆఫీసు, పైన ఇల్లు, ముందు వరండా. వరండాలో రేడియో. సాయంత్రం గాలి అనుకూలంగా ఉంటే సముద్రం దాటి తెలుగు వార్తలు వినబడేవి. డిపో కూలీలు, ఓడ కళాసీలు, జట్టు మేస్త్రీలు వచ్చి మెట్ల మీద కూర్చునేవారట. వార్తలు అయిపోగానే వాళ్లను వెళ్లనిచ్చేవారు కాదట తాతగారు. పలక చేతికిచ్చి, అప్పుడే విన్న ఊళ్లలో ఏదో ఒక ఊరి పేరు రాయమనేవారట. రాసినవాడికి టీ. రాయనివాడికీ టీ ఇచ్చేవారు గానీ నిలబడి తాగాలి. ఆదివారం తరగతి ఆ పలకల నుంచి పుట్టింది.

నాన్నగారి రోజులకు టేప్‌రికార్డరు వచ్చింది. విశాఖపట్నం నుంచి ఓడలో పాటల క్యాసెట్లు తెప్పించేవారు. ఇక్కడి చెమ్మకు టేపు బూజు పట్టేది. ఆయన వాటిని బియ్యం డబ్బాలో దాచేవారు. అన్నంలో ఎప్పుడైనా ప్లాస్టిక్ ముక్క వస్తే ఇంట్లో ఎవరూ మాట్లాడేవాళ్లం కాదు. క్యాసెట్ పాడుతుంటే పిల్లలందరూ పుస్తకం తెరిచి వేలితో వెంబడించాలి. వేలు ఆగిపోతే ఆయన క్యాసెట్ ఆపేసేవారు. అడవి కొట్టకూడదని ఆర్డరు రావడంతో కాంట్రాక్టులు పోయాయి, మేడ చేతులు మారింది. క్యాసెట్లు మాతోపాటు బతు బస్తీ అద్దె గదుల్లోకి వచ్చాయి.

నా రోజులకు మెమరీ కార్డులు. మెయిన్‌లాండ్ వాళ్లు నమ్మరు గానీ, మొన్నమొన్నటి దాకా ఇక్కడ ఫోనులో ఒక ఫోటో తెరుచుకునే లోపు అన్నం తినేసి రావచ్చు. ఉపగ్రహం మీద వచ్చే ఆ కాస్త సిగ్నలు ఆఫీసులకే చాలేది కాదు. అందుకని సినిమాలైనా పాఠాలైనా హార్డ్ డిస్కుల్లో ఓడ దిగేవి. బజార్లో కొట్ల వాళ్లు వాటిని కార్డుల్లోకి ఎక్కించి ఇచ్చేవారు. పిల్లలకు లెక్కల పాఠాలు ఎక్కించుకోవడానికి తల్లిదండ్రులు వరుస కట్టేవారు. అలాంటి కొట్టు ఒకటి మా మేడ కింది భాగంలోనే ఉండేది. తెలుగు పాఠాల కోసం నేనూ ఆ వరుసలో నిలబడ్డాను. కౌంటరు ఉన్న చోట తాతగారి బల్ల ఉండేది. "అంకుల్, కార్డ్ దీజియే," అనేవాడు కొట్టతను. ఇచ్చేవాణ్ణి.

తరువాత సముద్రం అడుగున ఇంటర్నెట్ కేబుల్ వచ్చింది. కొట్లన్నీ ఫోను కవర్లు అమ్ముకోవడానికి మారాయి. ఆరాధన అయ్యాక అమ్మానాన్నలు కబుర్లు ముగించే దాకా పిల్లలు ఊరికే ఉండలేక నా గదిలోకి వచ్చేవారని అప్పుడు అర్థమైంది. ఇప్పుడు చర్చి మెట్ల మీద వరుసగా కూర్చుని ఫోన్లు చూసుకుంటారు. ఎవరి ముఖంలోనూ విసుగు లేదు.

ఫోను వల్ల చెడిపోయారని నేను అనను. ఆ పిల్ల బడిలో ఫిజిక్సు చెప్పే మాస్టారు బదిలీ అయ్యాక చాలాకాలం ఎవరూ రాలేదు. ఎక్కడో ఉత్తరాదిన ఒకాయన బోర్డు ముందు నిలబడి చెప్పిన పాఠాలు ఫోనులో విని ఆమె క్లాసులో మొదటి వరుసలో నిలిచింది. ఆయన హిందీలో జోకులు వేస్తాడట. ఆయన గొంతు అనుకరించి నాకు వినిపించింది కూడా. గాజులో కాంతి ఎలా వంగుతుందో నాకు చెప్పింది. నేను చదివిన రోజుల్లో ఎవరూ నాకు అంత బాగా చెప్పలేదు.

తరగతిలో మేమిద్దరమే. బల్లకు అటు ఆమె, ఇటు నేను. ఒక ఆదివారం పుస్తకం తెరవగానే, "మాస్టారూ, ఒక్కటి చూపిస్తానుండండి," అని ఫోను తీసి పేజీ మీద పట్టుకుంది. ఫోనులోంచి ఒక స్త్రీ గొంతు ఆ పేజీని మొదటి నుంచి చివరి దాకా చదివింది. తప్పు లేదు.

"ఇది చదివేస్తుంటే నేనెందుకండీ నేర్చుకోవడం?"

"అది చదువుతుంటే నువ్వు వింటున్నావు. చదవడం లేదు."

"ఫర్క్ ఏటండీ? లోపలున్నది తెలిసింది కదా."

"ఛార్జింగు అయిపోతే?"

"అమ్మ ఫోనుంటాది."

"అదీ అయిపోతే?"

ఆమె నవ్వింది. "మీ కళ్లజోడు పగిలిపోతే మీరేం చేస్తారు మాస్టారూ?"

ఫోను లోపల పెట్టమన్నాను. పెట్టింది. ఆ పూట అంతా వత్తుల దగ్గరే ఆగిపోయాం. ఆమెకు అక్షరం నిలవడం లేదు. ఒక వారం గుర్తుపట్టింది మరుసటి వారానికి మాయమయ్యేది. బోర్డు మీద మూడు అక్షరాలు రాసి చూపిస్తే మూడింటికీ ఒకే పేరు చెప్పేది. కోప్పడలేదు. కోపం రాలేదు కూడా.

వానలు తగ్గుతున్న రోజుల్లో మార్పు వచ్చింది. ముందు ఆదివారం నేను గుర్తు పెట్టి ఇచ్చిన పేజీని మరుసటి ఆదివారం ఆగకుండా చదివింది. నేను ఇంకో పేజీ ఇచ్చాను. తరువాతి ఆదివారం అదీ అలాగే చదివింది. శ కారం, ళ కారం అంత శుద్ధంగా పలికిన పిల్ల ఈ దీవిలో నాకు తటస్థపడలేదు. ఆమె మాటల్లో "ఏటి", "తెల్దు" ఉంటాయి. పుస్తకం ముందు కూర్చుంటే అవన్నీ పోయేవి. నిదానంగా చదవమని చెప్పాను. అంతకంటే చెప్పడానికి ఏమీ కనబడలేదు. ఇంటికి వెళ్లి చొక్కా ఇస్త్రీ చేసుకుంటూ, తాతగారు ఉంటే ఈ పిల్లకు కూర్చోబెట్టి టీ ఇచ్చేవారనుకున్నాను. ఎవరితోనూ అనలేదు.

కన్ఫర్మేషన్ ముందు ఆదివారం అయ్యగారు భాగం చెప్పారు. కొంచెం పొడుగైనదే. పేజీ చివర మొదలై తరువాతి పేజీలోకి వెళుతుంది.

ఆ రోజు చర్చి నిండింది. తండ్రి కూడా ఓడ దిగి వచ్చాడు. కొత్త చొక్కా మడతలు విప్పకుండానే వేసుకున్నట్టున్నాడు. ఆ పిల్ల తెల్ల చుడీదార్ వేసుకుని తల మీద తెల్ల చున్నీ కప్పుకుంది. కార్యదర్శి ముందు బెంచీలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు. నేను పీఠం ఎక్కి గ్రంథం తెరిచి, వేలితో చోటు చూపించి, వెనక్కి తగ్గి నిలబడ్డాను.

నేను నేర్పినట్టే ఆమె వేలు పంక్తి మీద పెట్టింది. మొదలుపెట్టింది. మొదటి మాటకే చర్చిలో కదలికలు ఆగిపోయాయి. ఎవరో చంటిపిల్లను బయటికి తీసుకుపోయారు. నేను ఆమె భుజం మీదుగా పేజీని చూస్తున్నాను. ఆ భాగం నాకు కంఠతా వచ్చు, అయినా అలవాటు కొద్దీ అక్షరాలే చూస్తాను. మూడో పంక్తిలో గొంతు ఒక చోట ఉంది, వేలు ఇంకో చోట ఉంది. తడబడిందనుకున్నాను. వేలు నిదానంగా, ఒకే వేగంతో, మాటలతో సంబంధం లేకుండా కుడి వైపు పోతోంది. చివరికి పోయాక మళ్లీ ఎడమ చివరికి వస్తోంది. గొంతు దాని దారిన అది నడుస్తోంది. వాక్యం ముగిసిన చోట చిన్న విరామం, ఊపిరి, మళ్లీ మొదలు. ఆ విరామం ఆమెది కాదు. ఆ ఊపిరీ ఆమెది కాదు. పేజీ అడుగున వేలు ఆగింది. గొంతు ఆగలేదు. తరువాతి పేజీలో ఉన్న మాటలు, తిప్పని పేజీ ముందు నిలబడి, చదివేస్తోంది.

పీఠం అంచు ఎత్తుగా ఉంటుంది. కింద కూర్చున్నవారికి పేజీ కనబడదు. అయ్యగారు తల వంచుకుని కళ్లు మూసుకున్నారు. నేను ఒక్కణ్ణే చూశాను.

నా చెయ్యి ముందుకు పోయి పేజీ తిప్పింది.

ఆమె చదవడం ఆపలేదు. కళ్లు మాత్రం ఒక్కసారి పక్కకు తిరిగాయి, నా చేతి మీదికి, తరువాత నా ముఖం మీదికి. వేలు తీసి కొత్త పేజీ పైన పెట్టింది. చివరి దాకా చదివింది. ఆమెన్ అన్నారు అందరూ. బెంచీల్లోంచి చూసినవాళ్లకు ముసలి మాస్టారు శిష్యురాలికి పేజీ తిప్పి ఇచ్చాడు, అంతే.

దిగి వచ్చి నా చోట కూర్చున్నాను. ఏదైనా అనిపిస్తుందేమోనని కాసేపు చూశాను. ఫ్యాను తిరుగుతోంది. చొక్కా కాలరు మెడకు తగులుతోంది. అంతకంటే ఏమీ లేదు.

బయట షామియానా కింద టీ, కేకు ఇచ్చారు. తల్లి నా దగ్గరికి వచ్చి రెండు చేతులూ పట్టుకుంది. ఆ చేతులకు తోటకూర వాసన. "మీ దయ మాస్టారూ," అంది. వెంటనే కార్యదర్శి వైపు తిరిగి, గొంతు పెంచి, "మా గుంటది అంతా ఫోనులో నేర్సేసుకుందండి! బస్సులో ఇనడం, కూర తరుగుతూ ఇనడం, పడుకునీటప్పుడు కూడా చెవిలో అదే. నాకే బట్టీ వచ్చేసింది," అంది. ఆవిడ గొప్పగానే చెప్పింది. ఇందులో దాచవలసింది ఉందని ఆవిడకు తెలియదు. మా నాయనమ్మ కూడా ఒక్క అక్షరం రాకుండా ఎన్నో కీర్తనలు అప్పజెప్పేది. ఆవిడకు తాతగారి గొంతు నేర్పింది.

"అరే వాహ్," అన్నాడు కార్యదర్శి. "చూశారా మాస్టారూ, ఫోనుని ఊరికే తిడతాం."

"నేను తిట్టలేదు," అన్నాను.

ఆ పిల్ల కేకు ముక్క చేత్తో పట్టుకుని దూరంగా నిలబడింది. తినలేదు. తండ్రి ఎవరెవరికో ఆమెను చూపిస్తున్నాడు.

మరుసటి వారం కమిటీ కూర్చుంది. మళ్లీ అదే కుర్చీ. అయ్యగారు సంతోషంగా ఉన్నారు. "మాట అంటే మాటే," అన్నారు. "పిల్ల చదివింది. అంతమంది ముందు, అంత చక్కగా. తరగతి ఉంటుంది. తెర సామాను నా ఇంటికి పంపండి."

కార్యదర్శి ఒప్పుకున్నాడు. అతను చెడ్డవాడు కాడు. "గెలిచారు మాస్టారూ," అన్నాడు, నవ్వుతూనే. "మా చిన్నదాన్ని కూడా మీ దగ్గరికి తోలేస్తాను. ఇంట్లో దాని గోల పడలేకపోతున్నాం."

నేను అప్పటికి ఆలోచించుకునే వెళ్లాను. ఒప్పందం, పీఠం దగ్గర తెలుగు చదవడం. చదవడం జరగలేదు. కాబట్టి గది నాది కాదు. జరగలేదని చెప్పాలంటే ఆ పిల్ల పేరు చెప్పాలి, ఆ తండ్రి ఓడ దిగి ఎందుకు వచ్చాడో దాన్ని వెనక్కి తీసుకోవాలి. అది నేను చెయ్యను. చెప్పకుండా గది ఉంచుకోవాలంటే నాది కాని దాన్ని నాదని తీసుకోవాలి. మా ఇంట్లో చాలా పోయాయి. పోయినవన్నీ సంతకం పెట్టి ఇచ్చినవే. మాది కానిది ఉంచుకున్నట్టు మా మీద ఎవరూ వేలు చూపలేదు.

జేబులోంచి తాళం చెవి తీసి బల్ల మీద పెట్టాను.

"గది తీసుకోండి," అన్నాను.

కిరాణా కొట్టు పెద్దావిడ, "అదేటి బాబూ, ఉండమంటే పోతానంటారు?" అంది.

"తరగతిలో ఉన్నది ఒక్క పిల్ల. ఆమెకు కన్ఫర్మేషన్ అయిపోయింది. ఖాళీ బల్లకు తాళం వేసుకుని కూర్చోవడం బాగుండదు."

"మా చిన్నదాన్ని పంపుతానంటున్నా కదండీ," అన్నాడు కార్యదర్శి.

"మీ చిన్నదానికి తెర చాలు."

అయ్యగారు నా ముఖంలోకి చూశారు. "మాస్టారూ, మీకు ఏదైనా మాట తగిలిందా? ఎవరైనా ఏమైనా అన్నారా?"

"లేదండి."

"అయితే ఎందుకు?"

"చెప్పాను కదండీ."

నేను లేచి నమస్కారం పెట్టి వచ్చేశాను. కమిటీ వాళ్లు నన్ను గర్వం కొద్దీ చేశాడనుకున్నారని తరువాత తెలిసింది. అనుకోనిచ్చాను.

గదిలో నావి పెద్దగా లేవు. నల్లబల్ల సంఘానిదే. పలకలు చెదలు తినేశాయి. పాటల పుస్తకాలు ఒక అట్టపెట్టెలో సర్దుతుంటే ఆ పిల్ల వచ్చి గుమ్మంలో నిలబడింది. తల్లి బస్‌స్టాండులో కూరలు పెట్టుకుని కూర్చుందట, ఇక్కడికి పంపిందట. నేను రమ్మనలేదు, పొమ్మనలేదు.

"మీరు పేజీ తిప్పారు," అంది.

"తిప్పాను."

"తిప్పితే మరి గది ఎందుకు ఇచ్చేశారు?"

నేను పుస్తకాలు సర్దుతూనే ఉన్నాను.

"గది పోతాదని అమ్మ సెప్పింది మాస్టారూ, వానలప్పుడే. నేను సదవకపోతే మాస్టారి గది లాగేసుకుంటారంట, నీ సేతిలో ఉంది అంది. నేను ఎంత చూసినా ఆ అక్షరాలు నాకు పట్టవండీ. అన్నీ గుండ్రంగా, ఒక్కలాగే కనిపిస్తాయి. హిందీవైతే పైన గీత ఉంటాది, కన్ను నిలబడతాది. ఇవి జారిపోతాయి. అందుకని విన్నాను. వారం వారం మీరిచ్చిన పేజీ కూడా అలాగే విన్నాను. మీ గది కోసమే కదండీ విన్నాను!"

ఆమె ఏడవలేదు. ఏడుస్తుందేమోనని నేను అటు చూడలేదు.

"బాగా చదివావు," అన్నాను.

"చదవలేదు కదా. మీకు తెలుసు కదా."

"బాగా చెప్పావు, సరేనా?"

"నాకు రాదని మీరు అందరికీ చెప్పేస్తే అయిపోయేది. ఇంకో ఏడాది నేర్పుతానంటే గది ఉండేది. ఉండేదా కాదా?"

ఉండేది. ఆ సంగతి నాకు తట్టకపోలేదు. "మీ అమ్మ బస్సు దాటిపోతుంది, వెళ్లు," అన్నాను.

ఆమె అట్టపెట్టె ఒక చెవి పట్టుకుంది. వద్దన్నాను. వినలేదు. ఇద్దరం మా వీధి దాకా మోసుకొచ్చాం. దారిలో నర్సింగు కాలేజీ ప్రవేశ పరీక్ష గురించి చెప్పింది. దానికి కూడా ఫోనులోనే పాఠాలు ఉన్నాయట. బాగా చదువుకోమన్నాను. గుమ్మం దగ్గర పెట్టె దించి, చేతులు దులుపుకుని, "నమస్తే మాస్టారూ," అని వెళ్లిపోయింది. తెలుగు నేర్పమని ఆమె అడగలేదు. రమ్మని నేనూ అనలేదు.

తెర వచ్చిన మొదటి ఆదివారం నేను నా చోటనే కూర్చున్నాను. పీఠానికి ఎడమ పక్క గోడకు బిగించారు. కిటికీ వెలుతురులో కూడా స్పష్టంగా కనబడింది. పాట మొదలైంది. హిందీ అక్షరాల్లో తెలుగు మాటలు ఒక్కో పంక్తీ వచ్చి నిలిచాయి. హిందీ మాకందరికీ వచ్చు. నాకు పాట చూడనవసరం లేదు గానీ చూశాను. ఇబ్బందేమీ కలగలేదు. చుట్టూ గొంతులు పెరిగాయి. ఇన్నాళ్లూ పెదాలు మాత్రం ఆడించిన కుర్రవాళ్లు పాడుతున్నారు. కిరాణా కొట్టు పెద్దావిడ మనవళ్ల వైపు చూసి నా వైపు చూసింది.

నా ముందు వరుసలో ఆ పిల్ల తల్లి పక్కన నిలబడి ఉంది. చెవిలో ఏమీ లేదు. తెర వైపు చూస్తోంది. అది కొత్త పాట, మా సంఘంలో ఎప్పుడూ పాడనిది, ఆమె వినే అవకాశం లేనిది. రెండో చరణంలో ఒక కష్టమైన మాట దగ్గర తడబడింది. ఆగింది. కళ్లు చిట్లించి, ఆ మాటను ముక్కలు చేసి, మళ్లీ కూడబలుక్కుని అంది. ఈసారి శ కారం ఆమెదే, సరిగా పలకలేదు. తరువాతి పంక్తికి గొంతు కలిపింది. అప్పటికి మిగతావాళ్లు ముందుకు పోయారు. ఆమె వెనక నుంచి ఒక్కో మాటా చదువుకుంటూ వస్తోంది.

ఆ పిల్ల తెలుగు చదవడం నేను చూడడం అదే మొదలు.

పాట అయ్యాక అందరితోపాటు కూర్చున్నాను.